రాయిలో ఉన్నది వేరు, రాబట్టగలిగింది వేరు

(ఆస్ట్రేలియాలోని ఒక తెలుగు కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగ పాఠం)



పోయినసారి గనుల గురించి మాట్లాడినప్పుడు చివర్లో ఒకాయన ఫోన్ చేశారు. పులివెందుల వైపు ఆయన. టైము అయిపోవడంతో ఆయన ప్రశ్నకు జవాబు చెప్పడం కుదరలేదు. "మా దగ్గర నేలలో యురేనియం ఉందని ఎన్నో ఏళ్ళుగా వింటున్నామండీ. అప్పుడు పనికిరాదన్నారు. తరువాత దాని కోసమే గని తవ్వారు, మిల్లు కట్టారు. ఈలోపల ఏం మారింది? రాయి మారిందా?" అని అడిగారు.

రాయి మారలేదు. రాతిలోంచి లోహాన్ని విడదీసే పద్ధతి మారింది. ఈ మాట ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు కానీ అలా చెబితే అసలు సంగతి జారిపోతుంది. కాబట్టి ముందు మనం ఉంటున్న ఈ దేశంలోనే ఉన్న ఒక గని కథ చెబుతాను. 40 ఏళ్ళ పాటు అందరికీ తెలిసి కూడా ఎవరూ ముట్టుకోలేకపోయిన గని అది. ఆ తరువాత తుమ్మలపల్లికి వద్దాం.

నార్తర్న్ టెరిటరీలో బొర్రలూలా అనే చిన్న ఊరుంది. దానికి నైరుతిగా 60 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో మెకార్థర్ నది పక్కన సీసం, జింకు కలిసి ఉన్న పెద్ద నిక్షేపం ఒకటి 1955లో బయటపడింది. కనిపెట్టింది మౌంట్ ఐజా మైన్స్ కంపెనీ వాళ్ళు. దానికి హెచ్.వై.సి. అని పేరు పెట్టారు. విడమరిస్తే "ఇదిగో నీ అవకాశం" అని అర్థం. ఆ అవకాశం చేతికి అందడానికి నలభై ఏళ్ళు పట్టింది. ప్రపంచంలో జింకు నిక్షేపాల్లో పెద్దవాటిలో ఒకటి, ఎక్కడుందో తెలుసు, ఎంతుందో తెలుసు, అయినా తవ్వలేదు. ఎందుకంటే తవ్వి బయటికి తెచ్చినా అందులోంచి జింకును విడదీయడం ఎవరికీ చేతకాలేదు.

ఎందుకు చేతకాలేదో మన వంటింటి భాషలో చెబుతాను. బియ్యంలో రాళ్ళుంటే ఏరతాం, చేటతో చెరుగుతాం, జల్లిస్తాం. బియ్యపు గింజ వేరు, రాయి వేరు, రెండూ విడివిడిగా ఉన్నాయి కాబట్టి ఇదంతా సాధ్యం. అదే నువ్వుండ తీసుకోండి. నువ్వులు, బెల్లం అతుక్కుని ఉంటాయి. నువ్వులు విడిగా కావాలంటే ముందు ఉండను చితక్కొట్టాలి. నువ్వుగింజ కంటికి కనిపించే సైజులో ఉంది కాబట్టి కష్టపడితే వస్తుంది. ఇప్పుడు చిమ్మిలి తీసుకోండి. నువ్వులూ బెల్లమూ కలిపి మెత్తగా దంచేశారు. ఇందులోంచి నువ్వుల్ని మళ్ళీ బెల్లం అంటకుండా తీసివ్వమంటే మీరేమంటారు? మెకార్థర్ నది దగ్గరి రాయి ఆ చిమ్మిలి లాంటిది. 160 కోట్ల ఏళ్ళకు పైబడిన నాడు సముద్రం అడుగున పేరుకున్న బురదలో పుట్టింది. జింకు ఖనిజం, సీసం ఖనిజం, ఇనుప పైరైటు, మట్టి అన్నీ కొద్ది మైక్రాన్ల రేణువులుగా ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది.

రేణువు విడిపడితే తరువాత ఏం చేస్తారు? దీనికి వాడే పద్ధతిని పదో తరగతి తెలుగు మీడియంలో చదివినవాళ్ళు మరిచిపోయి ఉండరు, ప్లవన ప్రక్రియ. రాతిపొడిని నీళ్ళలో కలిపి, కాస్త రసాయనం వేసి, కింది నుంచి గాలి ఊదుతారు. క్జాంతేట్ అనే రసాయనపు అణువు ఒక చివర సల్ఫైడు ఖనిజాన్ని పట్టుకుంటుంది, రెండో చివర నీళ్ళంటే పడదు. దాంతో ఆ ఖనిజం తడవడం మానేసి గాలిబుడగను అంటుకుని పైకి వస్తుంది. మట్టి తడిసి కిందే ఉండిపోతుంది. పైన తెట్టు కట్టిన నురుగును తీసేస్తే అందులో లోహం ఉంటుంది. మజ్జిగ చిలికి వెన్న తీసినట్టే. అక్కడ తేలిక కాబట్టి వెన్న తేలుతుంది, ఇక్కడ బరువైనది తేలుతుంది, అదీ చిత్రం. సీసం ఖనిజం నీటికి ఏడు రెట్లు బరువు.

ఈ విద్య పారిశ్రామికంగా నిలదొక్కుకున్నది కూడా ఆస్ట్రేలియాలోనే, బ్రోకెన్ హిల్‌లో, 1900ల తొలి ఏళ్ళలో. అక్కడ గనుల పక్కన జింకు ఉన్న వ్యర్థం గుట్టలు గుట్టలుగా పడి ఉండేది, తీసే దారి తెలియక. దాన్ని తేల్చి తీయొచ్చని పేటెంటు తీసుకున్నవాళ్ళలో ఒకరు ఛార్లెస్ పాటర్. ఆయన వృత్తి బీరు కాయడం! నురుగు సంగతి ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? తరువాత ఆ పేటెంట్ల మీద కోర్టుల్లో ఏళ్ళ తరబడి కొట్లాటలు జరిగాయి. అది మరో ప్రసంగానికి సరిపడే కథ.

సరే, పద్ధతి ఉంది. మరి మెకార్థర్ నది దగ్గర ఎందుకు పనిచెయ్యలేదు? రేణువులు విడిపడాలంటే రాయిని 7 మైక్రాన్ల దాకా నూరాలి. అప్పట్లో గనుల్లో ఉన్నది బాల్ మిల్లు. పెద్ద ఇనుప పీపా, అందులో ఉక్కు గుండ్లు. పీపా తిరుగుతుంటే గుండ్లు పైకి లేచి రాయి మీద పడతాయి. రాయి చితకడానికి అది బాగానే ఉంటుంది. కానీ 30 మైక్రాన్ల కిందికి పోయేసరికి కరెంటు మంచినీళ్ళలా ఖర్చవుతుంది, పొడి మాత్రం సన్నబడదు. రోకటి పోటుతో కాటుకంత మెత్తగా నూరలేం కదా. దానికి తోడు ఉక్కు గుండ్లు అరిగి, ఆ ఇనుము ఖనిజపు రేణువుల పైన పూతలా పడుతుంది. అప్పుడు రసాయనం పట్టుకోవాల్సిన ఉపరితలమే పాడైపోతుంది. అంటే నూరిన కొద్దీ తేలడం తగ్గుతుంది.

దీనికి దారి గనుల శాఖలో దొరకలేదు. పెయింట్లు, ఇంకులు తయారుచేసేవాళ్ళ దగ్గర దొరికింది. రంగుపొడిని అతి సన్నగా నూరడానికి వాళ్ళు ఎప్పటినుంచో ఒక యంత్రం వాడుతున్నారు. జర్మనీలో నెట్ష్ అనే కంపెనీ చేసేది. అడ్డంగా పడుకోబెట్టిన గొట్టం, మధ్యలో ఇరుసు, ఇరుసుకు పళ్ళాలు, చుట్టూ చిన్న చిన్న పూసలు. పళ్ళాలు వేగంగా తిరిగితే పూసలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని మధ్యలో పడినదాన్ని నూరేస్తాయి. ఇది దంచడం కాదు, రుబ్బడం. రోలుకూ రుబ్బురోలుకూ ఉన్న తేడా అన్నమాట. ఐతే పెయింటు యంత్రం చిన్నది, ఖరీదైన పూసలు వాడుతుంది. గనిలో గంటకు టన్నుల లెక్కన పొడి వస్తుంది. మౌంట్ ఐజా ఇంజనీర్లు, నెట్ష్ వాళ్ళు కలిసి కొన్నేళ్ళు కుస్తీ పట్టి దాన్ని గనికి సరిపడేలా పెద్దది చేశారు. పూసల ఖర్చు సంగతి చూడండి. మౌంట్ ఐజాలో తమ రాగి కొలిమిలోంచి వచ్చే చిట్టెం ఇసుకనే పూసల బదులు వాడారు. పారేసేది పనికొచ్చింది, పైగా ఉక్కు కాదు కాబట్టి ఇనుప పూత బాధ కూడా తప్పింది. ఆ యంత్రానికి ఐజామిల్ అని పేరు. 1994లో మౌంట్ ఐజాలో మొదటిది పెట్టారు, 1995లో మెకార్థర్ నది గని తెరిచారు. అక్కడ 80 శాతం పొడి 7 మైక్రాన్లకన్నా సన్నగా వచ్చింది. నలభై ఏళ్ళ తాళం అలా తెరుచుకుంది.

ఈ సందర్భంలోనే మరో పేరు చెప్పాలి. సన్నటి రేణువులతో ఇంకో చిక్కుంది. అవి మరీ తేలిక కావడంతో పెద్ద బుడగ పక్కనుంచి నీటితో పాటు జారిపోతాయి, బుడగకు తగలవు. చీపురు ఊపితే దుమ్ము పక్కకు తప్పుకున్నట్టు. కాబట్టి బుడగలు కూడా చిన్నవి కావాలి. న్యూకాజిల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ గ్రేమ్ జేమ్సన్ 1980లలో దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. బురదనీటిని పైనుంచి ధారగా గొట్టంలోకి కొడితే అది గాలిని తనంతట తానే లాక్కుని చిన్న చిన్న బుడగలుగా చేస్తుంది. ఇందులో తిరిగే భాగం ఒక్కటీ లేదు. బిందె కింద కుళాయి ధాటిగా తిప్పితే నీళ్ళలో బుడగలు లేవడం మనం చూడమూ? అదే సూత్రం. జేమ్సన్ సెల్ అనే ఈ పరికరాన్ని ఇక్కడి బొగ్గు గనుల్లో కూడా విరివిగా వాడుతున్నారు. మన పిల్లలు యూనివర్సిటీలో చేరేటప్పుడు అందరినీ కంప్యూటర్ల వైపే తోస్తున్నాం. ఈ శాఖ గురించి కూడా ఒక మాట వాళ్ళ చెవిన వేయండి. చదివేవాళ్ళు తక్కువ, అవసరం మాత్రం ఎక్కువ.

అంత నూరినా మెకార్థర్ నది దగ్గర పూర్తి విజయం రాలేదు, ఇది దాచకూడదు. సీసాన్నీ జింకునూ ఒకదాన్నుంచి ఒకటి చక్కగా విడదీయలేక రెండూ కలిసిన పొడినే అమ్మకానికి పెట్టాల్సి వచ్చింది. అటువంటి కలగలుపు సరుకును కరిగించే కొలిములు ప్రపంచంలో కొన్నే ఉంటాయి. సరుకు ఉన్నా కొనేవాళ్ళు ఎంతమంది అన్నది కూడా రాయిని ఎలా విడదీశామన్న దాని మీదే ఆధారపడుతుంది.

ఇక రెండో సగం. విడదీశాక మిగిలినది ఎక్కడికి పోతుంది?

మొదట గని భూమి లోపల ఉండేది. 2000ల మధ్యలో దాన్ని ఓపెన్‌కాస్టుగా మార్చాలనుకున్నారు. నిక్షేపం మీదుగా నది పారుతోంది. కాబట్టి నదినే ఐదున్నర కిలోమీటర్ల మేర పక్కకు మళ్ళించాలన్నారు. ఆ నది అక్కడి ఆదివాసీ జాతులకు, యాన్యువా, గుడంజి, గర్రవ, మారా వాళ్ళకు ప్రాణం. వాళ్ళు కోర్టుకు వెళ్ళారు. 2007 ఏప్రిల్ చివర్లో టెరిటరీ సుప్రీం కోర్టు అనుమతి చెల్లదంది. కొద్ది రోజుల్లోనే టెరిటరీ ప్రభుత్వం ఆ అనుమతిని ఖాయం చేస్తూ చట్టం తెచ్చింది! పాలక పక్షంలోనే ఉన్న ఆదివాసీ సభ్యులు కొందరు ఆ చట్టానికి వ్యతిరేకంగా ఓటు వేశారు. వాళ్ళలో ఒకరు బొర్రలూలాకు చెందిన మలార్న్‌డిరి మెకార్తీ. తరువాతి కాలంలో ఆవిడ సెనేటర్ అయ్యారు. నది మళ్ళింది. 2013, 2014లలో గనిలోంచి తీసి గుట్టగా పోసిన వ్యర్థపు రాయి దానంతట అదే రాజుకుని పొగ కక్కడం మొదలుపెట్టింది. అందులోని పైరైటు గాలి తగిలి వేడెక్కింది. గంధకపు పొగ ఆకాశంలోకి లేవడం టీవీలో చూసినవాళ్ళు మీలో కూడా ఉండొచ్చు. గని విస్తరణకు 2017లో ఇచ్చిన పర్యావరణ నివేదికలో ఆ చోటును సుమారు వెయ్యేళ్ళ పాటు గమనించుకుంటూ ఉండాలన్న లెక్క ఉంది. గని నడిచేది కొన్ని దశాబ్దాలు. వెయ్యేళ్ళ కిందట మన దగ్గర రాజరాజ నరేంద్రుడి కాలం. అప్పటివాళ్ళు తవ్విన గోతికి ఇవాళ మనం కాపలా కాస్తున్నట్టు ఊహించుకోండి.

ఇప్పుడు ఫోన్ చేసిన పెద్దమనిషి ఊరివైపు వెళదాం. అక్కడ చిక్కు వేరు. రేణువుల సైజుది కాదు, రాతి స్వభావానిది. తుమ్మలపల్లి యురేనియం ఉన్నది డోలోమైటు రాతిలో, మన వేంపల్లె పేరుతో భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే రాతి పొరల్లో. డోలోమైటు సున్నపురాయికి తోబుట్టువు. జార్ఖండ్‌లోని జాదూగుడలో 1968 నుంచి యురేనియం తీస్తున్న పద్ధతి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో రాతిపొడిని నానబెట్టడం. అదే ఆమ్లాన్ని తుమ్మలపల్లి రాయి మీద పోస్తే? సున్నపురాయి మీద నిమ్మరసం పిండితే ఏమవుతుందో అదే. బుస్సున పొంగుతుంది, ఆమ్లమంతా రాయే తాగేస్తుంది, యురేనియం దాకా చేరేది ఏమీ ఉండదు. పైగా అక్కడి రాతిలో యురేనియం చాలా పలచన. టన్ను రాతికి అర కిలో కూడా రాదు. ఇంత తక్కువ సరుకు కోసం అంత ఆమ్లం ఎవరు పోస్తారు? అందుకే చాలా కాలం పనికిరాదన్నారు.

ఆమ్లం కుదరకపోతే క్షారం. ఇళ్ళల్లో బట్టలకు వాడే చాకలి సోడా, వంట సోడా, ఈ రెండే ప్రధాన సరుకులు. రాయిని మెత్తగా నూరి, సోడా నీళ్ళలో కలిపి, ప్రెషర్ కుక్కర్ లాంటి పెద్ద పాత్రల్లో ఆక్సిజన్ ఎక్కించి, నీరు మరిగే వేడికన్నా పైన ఉడికిస్తారు. డోలోమైటు సోడాకు లొంగదు, అలాగే ఉంటుంది. యురేనియం మాత్రం కార్బొనేటుతో జట్టు కట్టి నీళ్ళలోకి దిగుతుంది. ఈ కీలకం కొత్తది కాదు, కెనడాలో 1950లలోనే వాడారు. తుమ్మలపల్లి కోసం భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ళు చేసిన పని ఏమిటంటే, ఇంత పలచని రాతికి కూడా గిట్టుబాటయ్యేలా వాడిన సోడాను మళ్ళీ మళ్ళీ తిప్పి వాడుకునే ఏర్పాటు. వైఎస్ రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉండగా 2007 నవంబరులో శంకుస్థాపన జరిగింది. మిల్లు 2012 ప్రాంతంలో నడక మొదలుపెట్టింది. రోజుకు 3000 టన్నుల రాయి నూరే లెక్కన కట్టారు. 2011లో అణుశక్తి సంఘం అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ అక్కడ 49,000 టన్నులు ఖాయమని, మూడింతలు ఉండొచ్చని చెప్పినప్పుడు మన పత్రికలన్నీ పండగ చేసుకున్నాయి.

ఆ పండగలో ఒక చిన్న గుణకారం ఎవరూ చెయ్యలేదనిపిస్తుంది నాకు. రోజుకు 3000 టన్నులు లోపలికి పోతే, టన్నుకు అర కిలో కూడా రాకపోతే, దాదాపు 3000 టన్నులూ మళ్ళీ బయటికి రావాలి. అదీ మెత్తటి బురదగా, సోడా లవణాలతో కలిసి. పైగా యురేనియం తీసేసినంత మాత్రాన అందులో రేడియోధార్మికత పోదు. యురేనియం పుట్టించిన రేడియం, థోరియం లాంటి సంతానమంతా బురదలోనే ఉండిపోతుంది. మొదటి రాతిలో ఉన్న రేడియోధార్మికతలో సుమారు 85 శాతం మిల్లు వ్యర్థంలోనే మిగులుతుందని ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. రేడియం సగం తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది.

ఇక్కడే ఈ పద్ధతికి సంబంధించిన మెలిక ఒకటుంది. మిల్లులో ఏ కార్బొనేటు యురేనియాన్ని నీళ్ళలోకి దింపుతుందో, బయట భూగర్భ జలంలో కూడా అదే దాన్ని నీటితో పాటు నడిపిస్తుంది. కాబట్టి ఆమ్లం వాడే చోటకంటే ఇక్కడ వ్యర్థాల చెరువు అడుగు ఎంత గట్టిగా ఉందన్నది మరీ ముఖ్యం. చుట్టుపక్కల కె.కె. కొట్టాల లాంటి ఊళ్ళ రైతులు బోరునీళ్ళు మారాయని, నేల మీద తెల్లగా ఉప్పు పేరుతోందని, అరటి తోటలు దెబ్బతింటున్నాయని ఏళ్ళుగా ఫిర్యాదు చేస్తున్నారు. చెరువు అడుగున వేసిన పొర సంగతి మీద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా సంస్థను ప్రశ్నించింది. తమ వల్ల కాలుష్యం లేదని సంస్థ చెబుతూ వస్తోంది. కడప ప్రాంతపు రాతిలో సహజంగానే కొంత యురేనియం ఉంది కాబట్టి బోర్లలో కనిపించినదంతా మిల్లుదే అనడానికి లేదు, నిజమే. అందుకే మిల్లు రాకముందు ఏ బోరులో ఎంత ఉంది, ఇప్పుడెంత ఉంది అన్న కొలతలు ఊరివాళ్ళ చేతికి అందాలి. నా దృష్టిలో ఆ పట్టిక కూడా యంత్రాగారంలో భాగమే. ఆటోక్లేవు ఎంత అవసరమో అదీ అంతే. అది లేకుండా విడదీయడం పూర్తయిందని నేను అనను.

అమ్మానాన్నలు అక్కడే ఉన్నవాళ్ళకు పనికొచ్చే మాట ఒకటి. తాగేనీళ్ళలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. దాన్ని మామూలు నీటి పరీక్షలో చూడరు, ప్రత్యేకంగా అడగాలి. నీళ్ళు కాచి తాగితే సరిపోతుందని పెద్దవాళ్ళు అంటారు. కాచితే క్రిములు చస్తాయి గానీ యురేనియం పోదు. నీళ్ళు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది కూడా. ఆర్.ఓ. యంత్రం మాత్రం బాగా తగ్గిస్తుంది. ఐతే ఆర్.ఓ. పెట్టించినవాళ్ళు దాని వెనక గొట్టంలోంచి వచ్చే నీళ్ళను వృథా ఎందుకని కూరపాదులకు మళ్ళిస్తుంటారు. వడకట్టినదంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ గొట్టం ఎక్కడికి పెట్టారో అడగండి.

ప్రశ్నలుంటే స్టూడియోకు ఫోన్ చెయ్యండి, ఈసారి టైము మిగిల్చాను. సెలవు, నమస్కారం.